ఏగిసమెట్ట మీద అనుమతి లేని నివాసి

ఏగిసమెట్ట మీద ఏగిస చెట్లు లేవు. ఒకప్పుడు ఉండేవట. ద్వారబంధాలుగా, మంచం కోళ్ళుగా, ఇంకా ఎవరెవరి ఇళ్ళలో ఏమేమిగానో మారి దిగిపోయి, కొండకు పేరొక్కటి వదిలి వెళ్ళాయి. ఈ సంగతి అటవీ శాఖ దృష్టికి వచ్చి, ఈ నేలకు చెందిన మొక్కలతోనే అడవిని తిరిగి నిలబెట్టాలని మూడేళ్ళ కిందట ఒక పథకం పెట్టారు. పథకమంటే ముందు ప్రారంభోత్సవం. ప్రారంభోత్సవమంటే పెద్దలు. పెద్దలు వచ్చేసరికి నేల బోసిగా, ఎర్రగా, నిజంగానే అడవి అవసరమున్న చోటులా కనిపిస్తే మర్యాదగా ఉండదు కదా! అందుకని ఏదో నర్సరీ నుంచి నాలుగు బస్తాల తీగ తెప్పించి బోర్డు చుట్టూ నాటించారు. నిగనిగలాడే ఆకులు, చిట్టి చిట్టి పసుపు పువ్వులు. పట్నాల్లో రోడ్డు మధ్య డివైడర్ల మీద చూస్తుంటామే, అదే.

రిబ్బను ఒక్క నిమిషంలో తెగింది. పెద్దలు అరగంటలో వెళ్ళిపోయారు. తీగ మాత్రం ఉండిపోయింది.

ఉండిపోవడమంటే ఊరికే కాదు. ఆ తీగ గణుపు నేలకు తగిలితే చాలు, అక్కడొక వేరు వేస్తుంది. వేరు వేసిన చోటు నుంచి మళ్ళీ నాలుగు కొమ్మలు. తెంపి పారేస్తే పారేసిన చోట మొలుస్తుంది. మొదటి వానలకు బోర్డు కాళ్ళు కప్పింది. రెండో ఏడు బోర్డు మీదికే ఎక్కింది. మూడో ఏటికి మెట్ట మీద పద్దెనిమిది ఎకరాల్లో మూరెడు మందాన పరుపు పరిచినట్టు పరుచుకుంది. దాని కింద గడ్డి బతకదు, విత్తు మొలవదు. పైనుంచి చూస్తే మాత్రం కళ్ళకు చల్లగా ఉంటుంది. ఆఫీసు నుంచి ఎవరొచ్చినా జీపు దిగకుండా చూసి, “బాగా పచ్చబడిందే!” అని మెచ్చుకుని వెళ్ళేవారు. ఊళ్ళో వాళ్ళు దానికి ఆపీసు తీగ అని పేరు పెట్టుకున్నారు.

మెట్ట కింద ఊరు బందలవలస. అక్కడి వన సంరక్షణ సమితికి అసిరమ్మ అధ్యక్షురాలు. ఆమెను ఎన్నుకోవడానికి కారణం, సంతకం చెయ్యడం వచ్చినవాళ్ళలో ఆ రోజు ఊళ్ళో ఉన్నది ఆమె ఒక్కతే. అధ్యక్షురాలయ్యాక ఆమె చేసిన మొదటి తప్పు, పథకం కాగితంలో రాసినదంతా నిజమని నమ్మడం. నమ్మి ఊరుకున్నా బాగుండేది. మూడు కొండల అవతలి అడవికి నడిచి వెళ్ళి ఏగిస, నల్లమద్ది, కరక, తాని విత్తులు ఏరి తెచ్చింది. ఇంటింటా ఖాళీ పాల ప్యాకెట్లు అడిగి, మట్టి నింపి, పన్నెండు వందల అరవై మొక్కలు పెంచి కొండ మీద నాటించింది. మొక్కలు తలెత్తేదాకా కొండ మీదికి మేకలు తోలవద్దని ఊరిని ఒప్పించింది. ముప్ఫై రెండు ఇళ్ళవాళ్ళు ఆమె మాట మీద మేకలను సంతలో అమ్మేసుకున్నారు.

ఇప్పుడా మొక్కలు తీగ కింద వెలుతురు అందక ఒక్కొక్కటే పసుపెక్కి పోతున్నాయి. మొక్కకు తీగ అడ్డం, మేకకు అసిరమ్మ మాట అడ్డం. మొక్కలన్నీ పోతే అడవి గొడవ ఎలా ఉన్నా, రేపు బోరింగు దగ్గర బిందె పెట్టినప్పుడు ఆ ముప్ఫై రెండు ఇళ్ళ ఆడవాళ్ళకు అసిరమ్మ ఏ ముఖం చూపించాలి?

ఫిబ్రవరిలో అనుకోకుండా ఒక వాన పడింది. నేల మెత్తబడింది. అసిరమ్మ తెల్లారేసరికి ముప్ఫై మంది ఆడవాళ్ళను, ముప్ఫై బొరిగెలను వెంటబెట్టుకుని మెట్టెక్కింది. మొదటి గణుపు మీద బొరిగె పడబోతుండగా కింద నుంచి మోటారు సైకిలు మోత, దాని వెనకే కేక.

“ఆగండి! ఆగండి! ఒక్క ఆకు తెంపకండి!”

అటవీ శాఖ బీటు ఆఫీసరు లోకనాథం. మంచివాడు. మంచివాడు కాబట్టే తనకు వచ్చిన ప్రతి కాగితమూ చదువుతాడు.

“ఏటైంది బావూ? పామేటైనా కనపడ్డాదా?” అంది అసిరమ్మ.

“పాము కాదమ్మా, సర్క్యులర్. ఈ నెల నుంచి అటవీ భూమిలోంచి ఏది తీసినా ముందు యాప్‌లో నమోదు చెయ్యాలి. అనుమతి వచ్చాకే తియ్యాలి.”

“కలుపు తియ్యడానికీనా?”

“‘ఏదైనా’ అని రాశారు. కలుపు ‘ఏదైనా’లో పడిపోద్ది.”

“సరే, పడిపోనీండి. నమోదు సేసీండి, పీకీసుకుంటాం.”

లోకనాథం రాతి మీద కూర్చుని ఫోను తీశాడు. ఆడవాళ్ళు చుట్టూ గుమిగూడారు. యాప్‌లో చాలా ఫారాలున్నాయి. అగ్నిప్రమాదం ఫారం మంట ఎన్ని అడుగుల ఎత్తు లేచిందని అడిగింది. వన్యప్రాణి ఫారం పాదముద్ర వెడల్పు అడిగింది. చెట్టు నరికివేత ఫారం రొమ్ము ఎత్తులో మాను చుట్టుకొలత అడిగింది.

“తీగకి రొమ్మెక్కడుంటాది బావూ?” అంది వెనక నుంచి మరిడమ్మ. ఆ ఊళ్ళో ఎవరూ అడగని ప్రశ్నలు అడగడం ఆమె వంతు.

‘ఇతరములు’ అని ఒకటుంది. నొక్కితే ‘త్వరలో’ అని వచ్చింది. చివరికి, ఎన్ని ఎకరాలు అని అడిగే ఫారం ఒక్కటే దొరికింది. ఏడో నంబరు ఫారం: అటవీ భూమిలో అనుమతి లేకుండా నివసించువారి వివరములు.

“ఇదైతే సరిపోద్ది,” అన్నాడు లోకనాథం సంతోషంగా. “విస్తీర్ణం గడి ఉంది. తొలగించుటకు అనే గడీ ఉంది. మిగతావి ఏదో ఒకటి నింపుదాం. నివాసి పేరు?”

“ఆపీసు తీగ.”

“ఆఫీసు అని రాయకూడదమ్మా. ‘పాకుడు తీగ’. తండ్రి పేరు?”

“తెచ్చి నాటినోల పేరు రాయండి.”

లోకనాథం ఒకసారి దగ్గి ‘తెలియదు’ అని రాశాడు. “ఎన్నాళ్ళ నుంచి ఉంటున్నారు? మూడేళ్ళు. వృత్తి?”

“పాకడం.”

“కుటుంబ సభ్యులు?”

“అది మాత్రం దేవుడికి తెలాల,” అంది మరిడమ్మ. “ఏ ఆపరేసనూ సేయించుకున్నట్టు నేదు.”

లోకనాథం పద్దెనిమిది ఎకరాల వైపు చూసి ‘ఒకటి (ఉమ్మడి కుటుంబం)’ అని రాసి, పంపు అనే బొత్తాం నొక్కాడు. ఫోను టింగుమంది. అతను చదివాడు: “దరఖాస్తు స్వీకరించబడినది. విచారణ ముగియు వరకు సదరు నివాసిని కదిలించరాదు, బెదిరించరాదు, నివాసమునకు భంగము కలిగించరాదు.”

ముప్ఫై బొరిగెలు కొండ దిగాయి.

మర్నాడు అసిరమ్మ రేంజి ఆఫీసుకు వెళ్ళింది. రేంజి ఆఫీసరు త్రివిక్రమరావు గారు ఏ మాటనైనా మూడుగా విభజించి చెప్పే మనిషి. ఆమె గోడు అంతా విని కళ్ళజోడు తుడుచుకున్నారు.

“చూడమ్మా. ఒకటి, నీ ఆవేదన నాకు అర్థమైంది. రెండు, నీ ఆవేదనతో నేను ఏకీభవిస్తున్నాను. మూడు, చెయ్యగలిగింది ఏమీ లేదు. వ్యవస్థలోకి ఎక్కిన తరువాత అది కలుపు కాదు, ప్రతివాది. ప్రతివాదికి సహజ న్యాయం వర్తిస్తుంది.”

“సహజ న్యాయమంటే ఏటి బావూ?”

“ఎదుటి పక్షం చెప్పేది వినకుండా నిర్ణయం తీసుకోకూడదు.”

“అదేటీ మాటాడదు గదా!”

“అందుకే మరింత ఓపిగ్గా వినాలి.”

“నా మొక్కలు సచ్చిపోతన్నాయి బావూ.”

“మొక్కలు మన పని. పనులు ఆలస్యమవుతాయి, అది సహజం. నివాసి హక్కులు మాత్రం ఆలస్యం కాకూడదు.”

మార్చి మొదటి వారంలో నోటీసు ఇచ్చారు. నోటీసు ఇవ్వడమంటే కాగితం చేతిలో పెట్టడం కాదు, దానికొక పద్ధతుంది. బందలవలస నుంచి డప్పు కొట్టే అప్పన్నను పిలిపించి మెట్ట మీద నిలబెట్టారు. అప్పన్న మూడు దెబ్బలు వేసి, “పాకుడు తీగకు తెలియజేయడమేమనగా...” అని మొదలుపెట్టి, ఎవరి వైపు చూసి చెప్పాలో తెలియక త్రివిక్రమరావు గారి వైపు చూశాడు.

“నా వైపెందుకయ్యా చూస్తావు? నివాసి వైపు చూడు!”

అప్పన్న వంగి నేలకు చెప్పాడు. పదిహేను రోజుల్లో సంజాయిషీ ఇచ్చుకోవాలని, లేనిచో ఏకపక్షంగా చర్య తీసుకుంటామని. తీగ ఏమీ అనలేదు. అక్కడికక్కడే పంచనామా రాశారు: “నివాసి నోటీసును చేత తీసుకొనుటకు నిరాకరించి, ముభావముగా ఉండెను.” అప్పుడు నిబంధన ప్రకారం కంటికి కనిపించే చోట అతికించాలి. దేనికి అతికించాలి? ఆకుకు జిగురు పట్టలేదు. నోటీసును తీగ మీద పరిచి రాయి బరువు పెట్టారు. తొమ్మిదో రోజుకు తీగ కాగితాన్నీ, రాయినీ కూడా కప్పేసింది. లోకనాథం వెళ్ళి వెతికి, దొరక్క, ‘నివాసి నోటీసును అందుకొని భద్రపరచుకున్నది’ అని రాసుకొచ్చాడు.

నోటీసు గడువులో ఉండగా మరిడమ్మ గేదె తాడు తెంపుకుని మెట్టెక్కింది. రెండు కబళాల తీగ నోట్లో పెట్టుకుని నమిలి, మొహం చిట్లించి, ఉమ్మేసింది. దాని మీద కేసు రాశారు: విచారణలో ఉన్న నివాసిపై దాడి. ఉమ్మేసినట్టు సాక్ష్యం ఉన్నందువల్ల హెచ్చరికతో వదిలారు. హెచ్చరికను గేదెకు మరిడమ్మ చదివి వినిపించి సంతకం పెట్టాలన్నారు.

“నా గేదికి రుసి తెలిసినాది గాబట్టి ఉమ్మేసినాది. మీకూ తెలిత్తే బాగున్ను,” అని ఆమె సంతకం పెట్టింది.

ఆ రోజు నుంచి తీగకు ఒక వాచరును కాపలా పెట్టారు. పన్నెండు వందల అరవై మొక్కలకు రెండేళ్ళుగా వాచరును ఇవ్వమని అసిరమ్మ తొమ్మిది అర్జీలు పెట్టుకుంది. మనుషులు లేరన్నారు. తీగకు మనిషి దొరికాడు.

ఏప్రిల్ ఎండలకు కొండ మీద బండలు పెనాల్లా కాలాయి. తీగ ఆకులు మొదటిసారి కాస్త వాడాయి. అసిరమ్మ ప్రాణం లేచొచ్చింది. ఎండే విచారణ జరిపించి ఎండే తీర్పు చెప్పేస్తుందని ఆశ. కింద మొక్కలకు ఇబ్బందే, కాని ఏగిస మొండిది, ఆకు రాల్చుకుని వేరు మీద బతుకుతుంది. తీగ పైన ఎండిపోతే మొక్కకు గాలి తగులుతుంది.

మూడో రోజు మెట్ట కింద నీళ్ళ ట్యాంకరు ఆగింది.

“ఎవులకి బావూ ఈ నీలు?” అంది అసిరమ్మ.

లోకనాథం ఆమె కళ్ళలోకి చూడలేదు. “నివాసికమ్మా. విచారణలో ఉన్నవాళ్ళకి తాగునీరు ఆపకూడదట. ఆపితే ఖాళీ చేయించడానికి ఒత్తిడి తెచ్చినట్టు అవుద్దట.”

“మరి మొక్కలకి?”

“వాటికి నీళ్ళు పథకం మొదటి ఏడాదే. నివాసి అయితే తాగినన్నాళ్ళూ పొయ్యొచ్చు.”

అసిరమ్మ కొంగు బిగించి, పైపు కొస పట్టుకుంది.

“అయితే ఇలగ తెండి. నివాసి పెద్ద తలకాయ ఆ పక్కనుంది. దాహం అక్కడే ఎక్కువ. నాకు తెలుసు గదా, పొరుగుదాన్ని.”

ఆమె చూపించిన చోట తీగ కింద ఏగిస మొక్కలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. మే నెలాఖరు దాకా వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చింది, రెండుసార్లూ నివాసి పెద్ద తలకాయకే నీళ్ళు పడ్డాయి. తీగ ఇంకా లావెక్కింది. అది నిజమే. కానీ దాని కింద వేళ్ళు తడిశాయి.

విచారణ జూన్ రెండో వారంలో పెట్టారు. డివిజను ఆఫీసరు హైమవతి గారే స్వయంగా వచ్చారు. ఈ ఫారం కింద ఆ డివిజనులో ఇది మొదటి కేసట, పైవాళ్ళు కూడా ఆసక్తిగా చూస్తున్నారట. రేంజి ఆఫీసు హాల్లో బల్లలు వేశారు. నివాసి రాలేదు కాబట్టి ఒక ప్లాస్టిక్ బేసినులో మట్టితో సహా తీగను తీసుకొచ్చి బల్ల ముందు పెట్టారు. అయినా పిలవాలి కదా. అటెండరు గుమ్మంలోకి వెళ్ళి బజారు వైపు తిరిగి మూడుసార్లు కేక వేశాడు: “పాకుడు తీగ! తండ్రి పేరు తెలియదు! పాకుడు తీగా!” టీకొట్టు దగ్గర జనం ఎవరో అప్పు ఎగ్గొట్టినవాడిని పిలుస్తున్నారనుకుని పక్కకు తప్పుకున్నారు.

“నివాసి హాజరు,” అన్నారు హైమవతి గారు బేసిను వైపు చూసి. “ఈ స్థలంలోకి ఎవరి అనుమతితో ప్రవేశించారు?”

ప్రారంభోత్సవం నాటి ఫోటో ఆవిడ వెనక గోడ మీదే వేలాడుతోంది. అందులో రిబ్బను, పెద్దలు, పెద్దల కాళ్ళ దగ్గర నాలుగు బస్తాల పసుపు పువ్వులు. ఆవిడ తప్ప అందరూ ఆ ఫోటో చూశారు. చివరికి ఆవిడా తిరిగి చూశారు. చూసి, మంచినీళ్ళు తాగి, “ఈ ప్రశ్న రికార్డులోంచి తొలగించడమైనది,” అన్నారు.

త్రివిక్రమరావు గారు లేచారు. “మేడమ్, మూడు అంశాలు. ఒకటి, నివాసి మూడేళ్ళుగా నివసిస్తున్నది. రెండు, మూడేళ్ళు దాటినవారిని ఖాళీ చేయిస్తే ప్రత్యామ్నాయ స్థలం చూపాలి. మూడు, పద్దెనిమిది ఎకరాలకు సమానమైన స్థలం మన దగ్గర ఉన్నది పక్క కొండ మీదే.”

ఆ చుట్టుపక్కల కాస్త పాత అడవి మిగిలింది పక్క కొండ మీదే. అసిరమ్మ విత్తులు ఏరుకొచ్చే దారిలో మొదటి నీడ అది. ఇక తీగ దాన్నీ కప్పేస్తుంది.

“నివాసి తరఫున మాట్లాడేవారెవరు?” అడిగారు హైమవతి గారు. “ప్రతినిధి లేకుండా ఉత్తర్వు ఇస్తే చెల్లదు. బంధువులెవరైనా? కనీసం పొరుగువారు?”

లోకనాథం ఫైలు తిరగేసి, మెల్లగా, “పొరుగువారని రికార్డులో ఉన్నది అసిరమ్మ గారేనండీ. నీళ్ళ విషయంలో చాలా శ్రద్ధ తీసుకున్నారు,” అన్నాడు.

త్రివిక్రమరావు గారు అభ్యంతరం చెప్పబోయారు. “ఈవిడే కదండీ దాన్ని పీకాలని మొదట...”

“పొరుగువారికి తగాదాలుంటాయి. అంతమాత్రాన పొరుగు పోదు,” అని హైమవతి గారు కాగితం మీద రాసేశారు. “అసిరమ్మా, నివాసి ఏమంటోంది?”

అసిరమ్మ బేసిను దగ్గరికి వెళ్ళి వంగింది. చెవి ఒగ్గి ఆలకించింది. తల ఊపింది. మళ్ళీ ఆలకించింది. ఆ ఆఫీసులో ఇంత శ్రద్ధగా ఎవరి మాటా ఎవరూ ఎప్పుడూ వినలేదు.

“ఎల్లిపోతానంటంది అమ్మగారూ. దాని ఇష్టంతోటే. ఎవులూ బలవంతం సెయ్యనేదంట.”

“స్వచ్ఛందంగానా!” హైమవతి గారి ముఖం విప్పారింది. స్వచ్ఛందంగా ఖాళీ చేసిన కేసు రాష్ట్రంలోనే ఇంతవరకు లేదు. “ప్రత్యామ్నాయ స్థలం?”

“ఒద్దంటంది. పద్దెనిమిది ఎకరాలు ఏం సేసుకుంటాను, ముసిలిదాన్నయిపోనాను, సిన్న ఇల్లు సాలంటంది. నేలలోపల గావాలంట, సల్లగుంటాది. నాలుగు గోతులు, ఒక్కోటి మనిసిలోతు. పైకప్పు మాత్రం గట్టిగుండాల, నల్ల ప్లాస్టిక్ పట్టా. సూరీడు సొరబడకూడదు.”

“పైకప్పు గల శాశ్వత నివాసం,” అని హైమవతి గారు రాసుకున్నారు. “మంచి కోరికే. రవాణా?”

“దానికి కాల్లు నేవు గదా అమ్మగారూ. ముప్పై మందిమి ఎత్తుకెల్తాం. ఒక్క గణుపు కూడా ఎనకాల ఒగ్గం. కుటుంబాన్ని విడదీసినట్టయిపోద్ది.”

“మానవీయంగా ఉంది,” అన్నారు హైమవతి గారు, ఆ మాట కూడా రాసుకుంటూ. త్రివిక్రమరావు గారు ఏదో అనబోయి, మూడో అంశం దొరక్క ఆగిపోయారు.

ఆ వారమే వానలు పడ్డాయి. ముప్ఫై మంది రెండు వారాల పాటు రోజూ మెట్టెక్కారు. తీగను లాగితే గణుపు దగ్గర తెగి వేరు లోపల ఉండిపోతుంది, మళ్ళీ మొదటికొస్తుంది. అందుకని లాగలేదు. వరుసగా కూర్చుని, చాపను చుట్టినట్టు ఒక అంచు నుంచి చుట్టుకుంటూ, ప్రతి గణుపు కింద బొరిగె దూర్చి వేరుతో లేపారు. తెగిన ముక్క తెగినట్టే గోనెలో పడాలి. సాయంత్రం కొండ దిగే ముందు అసిరమ్మ ఒక్కొక్కరి చీర కుచ్చెళ్ళు దులిపించి చూసేది, ఎవరి చెంగుకైనా గణుపు అంటుకుని ఊళ్ళోకి వస్తుందేమోనని. గోనెలు గోతుల్లో పడ్డాయి. పైన శాఖవారే ఇచ్చిన నల్ల పట్టా కప్పి, అంచులు మట్టితో పూడ్చారు. ఎండకు లోపలిదంతా ఉడికి చావాలి. పట్టా మీద లోకనాథం ‘శాశ్వత నివాసం’ అని బోర్డు పెట్టాడు. అది నిజం కావాలని ముప్ఫై మందీ మనస్ఫూర్తిగా కోరుకున్నారు. ఖాళీ అయిన నేల మీద మళ్ళీ ఏదీ పాకకుండా ఎండుటాకులు పరిచారు.

పరుపు తీసేసరికి మొక్కలు బయటపడ్డాయి. పాలిపోయినవి, వంగిపోయినవి, ఎక్కువ భాగం ఎండుపుల్లలే. అసిరమ్మ మూడు రోజులు ఒక్కొక్క పుల్లనూ గోటితో గీరి చూసింది. లోపల పచ్చగా ఉన్నవి నాలుగు వందల పదకొండు. ఏగిసలే రెండొందలకు పైన. లెక్క విని మరిడమ్మ బోరింగు దగ్గర, “నాలుగొందలు సాలు. నా మేకలు కూడా నాలుగొందలుండేవి గావు,” అంది. అది ఆమె పద్ధతిలో క్షమించడం.

ఆ తరవాతి సోమవారం త్రివిక్రమరావు గారు, లోకనాథం ఖాళీ అయిన స్థలం ఫోటో తియ్యడానికి వచ్చారు. కేసు మూయాలంటే ఆ ఫోటో యాప్‌లో ఎక్కాలి. త్రివిక్రమరావు గారు ఫోను ఎత్తి ఫోటో తీశారు. ఫోను టింగుమంది. ఆయన చదివారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు.

“ఏటొచ్చింది బావూ?” అంది ముప్ఫై మందితో పక్కనే ఉన్న అసిరమ్మ.

“స్థలం ఖాళీగా లేదంటోంది. కొత్త నివాసితులు నాలుగు వందల పదకొండు.”

“అవి మొక్కలండీ. మన మొక్కలే,” అన్నాడు లోకనాథం.

“నాకు తెలుసు మొక్కలని! యాప్‌కు తెలియదు. ఒకటి, ఖాళీ చేయించిన స్థలంలో ఏదీ ఉండకూడదు. రెండు, పైవాళ్ళు ఈ ఫోటో కోసం ఎదురుచూస్తున్నారు, స్వచ్ఛందంగా ఖాళీ అయిన మొదటి కేసు. మూడు...” ఆయన అసిరమ్మ వైపు చూడకుండా చెప్పారు. “మూడు, ఇవాళ సాయంత్రానికి స్థలం శుభ్రం చెయ్యాలి. వచ్చే ఏడాది మళ్ళీ నాటుకోవచ్చు. పథకం పొడిగిస్తాం.”

ముప్ఫై మంది ఆడవాళ్ళు ఒకేసారి మాట్లాడారు. వాటిలో రాయదగిన మాటలు తక్కువ. అసిరమ్మ మాత్రం ఒక ఏగిస మొక్క పక్కన నేల మీద కూర్చుంది. చెయ్యి కింద పెట్టి దాని వంగిన తల ఎత్తి పట్టుకుంది. తరువాత తలెత్తి అడిగింది.

“నోటీసు ఇయ్యకుండానా బావూ?”

“వేటికి నోటీసు?” అన్నారు త్రివిక్రమరావు గారు.

“వోరి బాబూ, యాపే సెప్పినాది గదా, ఇయి నివాసితులని! నివాసిని వినకుండా కదిలించకూడదని మీరే సెప్పినారు. మాటాడనోల మాట ఇంకా ఓపిగ్గా ఇనాలని కూడా సెప్పినారు.”

“అది... అది తీగ విషయంలో. అందరికీ కలిపి ఒకే నోటీసు ఇచ్చేద్దాం.”

“ఎలగవుద్ది? తీగంటే ఒకదాన్నొకటి పట్టుకుని ఒక్క కుటుంబం, మీరే రాసుకున్నారు. ఇయ్యి ఏరే ఏరే కుంపట్లు. ఇది ఏగిస, అది కరక, ఆ పక్కది తాని. కులాలే ఏరు. ఎవుల ఇంటి ముందు ఆలకి డప్పు కొట్టాల.”

త్రివిక్రమరావు గారు లోకనాథం వైపు తిరిగారు. లోకనాథం అప్పటికే ఫోనులో నిబంధనలు చదువుతున్నాడు. అతను ప్రతి కాగితమూ చదివే మనిషి.

“ఆవిడ చెప్పింది కరెక్టేనండీ. వేరువేరు నివాసితులకు వేరువేరు కేసులు. పైగా ఒక బీటులో ఒక కేసు మూస్తేగాని ఇంకో కేసు తెరుచుకోదు.”

“ఒక్కో కేసుకు ఎంతకాలం పడుతుంది?”

“తీగకి నాలుగు నెలలు పట్టిందండీ. అదీ స్వచ్ఛందంగా కాబట్టి.” లోకనాథం వేళ్ళు మడిచి, సరిపోక, ఫోనులో లెక్క వేశాడు. “నాలుగు వందల పదకొండుకి... నూట ముప్ఫై ఏడేళ్ళండీ.”

త్రివిక్రమరావు గారి రిటైర్మెంటు రెండేళ్ళలో ఉంది. ఆయన రెండేళ్ళనూ, నూట ముప్ఫై ఏడేళ్ళనూ మనసులో పక్కపక్కన పెట్టుకుని చూసుకున్నట్టున్నారు. ముఖంలో క్రమంగా ఒక ప్రశాంతత వచ్చింది. ఏ ఆఫీసరుకైనా ఫైలు తన తరువాతివాడి బల్ల మీద తేలుతుందని తెలిసినప్పుడు వచ్చే ప్రశాంతత అది.

“చట్టం తన పని తాను చేసుకుపోతుంది,” అన్నారు ఆయన గంభీరంగా. “అంతవరకు ఈ నివాసితుల మీద ఎవరూ చెయ్యి వెయ్యరాదు. మేకలతో సహా. లోకనాథం, నాలుగు వందల పదకొండు నోటీసులు.”

“ఒకేసారి తెరుచుకోవు కదండీ?”

“కేసులు ఒక్కొక్కటే. నోటీసులు ముందే అతికించి ఉంచు. రేపు నన్నెవరూ అడగకూడదు.”

“దేనికి అతికించాలండీ? మొక్కలు వేలంత లావు కూడా లేవు.”

దానికి త్రివిక్రమరావు గారు మూడు క్షణాలు ఆలోచించి, శాఖ గోదాము నుంచి వెదురు కర్రలు తెప్పించమన్నారు. గురువారానికి నాలుగు వందల పదకొండు నిటారు వెదురు కర్రలు, ఒక్కొక్కటి అయిదడుగులది, ట్రాక్టరు మీద వచ్చాయి. ఒక్కో మొక్క పక్కన ఒక్కో కర్ర దిగేశారు. ప్రతి కర్ర నెత్తిన మూడు సింహాల ముద్రతో ఒక నోటీసు: ఇందుమూలముగా తెలియజేయునది.

ఆఫీసు వాళ్ళు దిగిపోయాక అసిరమ్మ ఒక పాత చీరను చించి ముప్ఫై మందికీ పేలికలు పంచింది. వాళ్ళు వరుసలు పట్టారు. వంగిపోయిన మొక్కనల్లా మెల్లగా లేపి, పేలికతో వదులుగా కర్రకు కట్టారు. చీకటి పడేలోపల కొండ మీద నాలుగు వందల పదకొండు మొక్కలూ నిటారుగా నిలబడ్డాయి.